శిలువ గీసిన బన్ను

మన పేటల్లో బన్ను అంటే రెండే సందర్భాలు. ఒకటి జ్వరం. పిల్లవాడికి ఒళ్ళు కాలుతుంటే టీకొట్టు నుంచి ఒక బన్ను తెచ్చి పాలలో ముంచి పెడతాం. రెండోది షిఫ్టు దిగి వచ్చేటప్పుడు టీతో తినేది. చేతిలో డబ్బులుంటే మధ్యలో వెన్న, జాము. పండక్కి బన్ను తింటారంటే మనవాళ్ళు నవ్వుతారు, పండగంటే బూరెలో బొబ్బట్లో ఉండాలి గదా. అయితే మదరాసు పెరంబూరులో, అయనావరంలో కాపురమున్నవాళ్ళకి నేను దేని గురించి చెప్పబోతున్నానో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. హాట్ క్రాస్ బన్ను. గుడ్ ఫ్రైడే వస్తోంది గనక ఈసారి దాని సంగతే.

పెరంబూరులో రైల్వే వర్క్‌షాపులున్నాయి గనక ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళు ఆ చుట్టుపక్కల చాలా ఉండేవి. ఈస్టరు ఆదివారం వాళ్ళకి విందు. ఈ బన్ను మాత్రం అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు తింటారు. ఏసు శిలువ మీద ప్రాణం వదిలిన రోజు అది. అందుకే బన్ను మీద తెల్లగా శిలువ గుర్తు.

చూడ్డానికి మామూలు బన్నే, కానీ చేసే పని ఎక్కువ. అరకిలో మైదాకి రెండు చెంచాల ఈస్టు, ఒక చెంచా ఉప్పు, పావుకిలోలో మూడోవంతు కంటే కాస్త తక్కువ పంచదార, 50 గ్రాముల వెన్న, తడపడానికి గోరువెచ్చని పాలు. ఇక్కడిదాకా మామూలు బన్నే. ఆ పైన దాల్చినచెక్క పొడి, కాస్త జాజికాయ, చిటికెడు లవంగం పొడి, గుప్పెడు ఎండుద్రాక్ష, పంచదారలో ఊరిన నారింజ తొక్క ముక్కలు. పిండిని కనీసం పది నిమిషాలు పిసకాలి. లాగి చూస్తే తెగకుండా పల్చగా సాగాలి. రింగ్ ఫ్రేములో పనిచేసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, వేలికి తెలిసిపోతుంది. మదరాసు ఎండకి గంటలో పొంగిపోతుంది, ఎక్కువసేపు వదిలితే పులుపెక్కుతుంది. పన్నెండు ఉండలు చేసి, మళ్ళీ పొంగనిచ్చి, మైదాని నీళ్ళలో గట్టిగా కలిపి ఆ ముద్దతో మీద అడ్డంగా నిలువుగా గీతలు గీస్తారు. అది పంచదార గీత అనుకుంటారు చాలామంది, కాదు. పంచదార పాకం కాల్చి తీశాక పూస్తారు, మెరుపు కోసం. మా పేటలో ఎవరింట్లోనూ ఓవెన్ లేదు. ట్రే బేకరీకి పట్టుకుపోయి నాలుగు డబ్బులిస్తే కాల్చి ఇచ్చేవాళ్ళు.

ఈ బన్నుకి ఒక చట్టం కూడా ఉండేదంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. మా మనవరాలు ఫోనులో చదివి వినిపించింది. 1592లో, ఎలిజబెత్ రాణి కాలంలో, లండన్‌లో అంగళ్ళ మీద అధికారి ఒక ఉత్తరువు వేశాడు. మసాలా వేసిన రొట్టెలు, బన్నులు చావు ఇంటికి, గుడ్ ఫ్రైడేకి, క్రిస్మసుకి తప్ప మరెప్పుడూ అమ్మకూడదని. అక్కడ రొట్టె ఇంత బరువుండాలి అని చట్టం ఉండేది. ఈ మసాలా బన్నులు ఆ తూకానికి లొంగేవి కావు, అదీ కోపం. దాల్చినచెక్క సిలోన్ నుంచి, జాజికాయ, లవంగం ఇండోనేషియా దీవుల నుంచి ఓడల మీద వెళ్ళాలి, అక్కడ అవి ఖరీదు సరుకు. ఉత్తరువు దాటి అమ్మితే ఆ సరుకంతా లాక్కుని బీదలకి పంచాలట. ఎవడో పట్టుబడాలని ఆ ఊరి బీదవాళ్ళు రోజూ దణ్ణం పెట్టుకుని ఉంటారు.

అదే లండన్‌లో తూర్పువైపు, బో అనే చోట ఒక పబ్బు ఉంది. పేరు 'విడోస్ సన్', అంటే విధవరాలి కొడుకు. ఆ చోట ఒకప్పుడు ఒక ముసలామె ఉండేదని, ఓడలో పనికి పోయిన కొడుకు ఈస్టరుకి వస్తాను, నాకో బన్ను ఉంచు అన్నాడని, మళ్ళీ రాలేదని చెప్పుకుంటారు. ఆ తల్లి బతికినంతకాలం ఏడాదికో బన్ను తీసి ఉంచిందట. కథ ఎంత నిజమో గానీ గుడ్ ఫ్రైడేకి నావికులు వచ్చి అక్కడ బన్ను వేలాడదీయడం మాత్రం నిజంగా సాగిన ఆచారం. కొడుకుల్ని దూరదేశం పంపిన తల్లులు మన లైను ఇళ్ళల్లో లేరా.

మా లైను చివర ఒక ఆంటీ ఉండేది. భర్త రైల్వేలో చేసి పోయాడు. ఉగాదికి మా ఇంటి పచ్చడి ఆమెకి పోయేది. వేపపువ్వు తగలగానే ముఖం చిట్లించేది గానీ గిన్నె ఖాళీ చేసేది. గుడ్ ఫ్రైడేకి ఆమె మాకు నాలుగు బన్నులు పంపేది. మా మిల్లు మూతపడిన ఏడాది ఇంట్లో రేషను బియ్యం తప్ప మరేం లేదు. రావలసిన డబ్బు ఎప్పుడిస్తారో చెప్పే దిక్కు లేదు. ఆ శుక్రవారం ఆంటీ కాగితం పొట్లం తానే పట్టుకొచ్చింది. లోపల డజను బన్నులు. ఇన్నెందుకు ఆంటీ అని మా ఆవిడ అడిగితే, బేకరీవాడు పొరపాటున ఎక్కువ కట్టేశాడమ్మా అంది. గుడ్ ఫ్రైడే పొద్దున, బయట వరస నిలబడి ఉండగా, ఎనిమిది బన్నులు పొరపాటున ఇచ్చే బేకరీవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మా ఆవిడ మారుమాట్లాడకుండా పొట్లం అందుకుంది. పిల్లలు రెండు రోజులు తిన్నారు.

తర్వాత ఆమె పిల్లలు ఆస్ట్రేలియా తీసుకుపోయారు. అక్కడ క్రిస్మసు వెళ్ళిందో లేదో దుకాణాల్లో ఈ బన్నులు పెట్టేస్తారట, చాక్లెట్ వేసి కూడా చేస్తారట. నాకు రుచించని సంగతి. ఏడాది పొడవునా దొరికితే ఇక దానికోసం వరస ఎవరు నిలబడతారు?

తినాలనుకునేవాళ్ళు బొంబాయి బాంద్రాలో, బెంగుళూరు ఫ్రేజర్ టౌనులో పాత బేకరీల్లో అడగండి. మదరాసులో ముందు ఆర్డరు ఇస్తేనే మేలు. గురువారం రాత్రి పిండి కలుపుతారు, బుధవారమే చెప్పాలి. మిగిలితే మర్నాడు రెండుగా కోసి దోసె పెనం మీద వెన్నతో కాల్చండి. నేను మూడు డజన్లకి చెప్పి పెట్టాను, మా లైనులో ఇంటికి రెండు చొప్పున.