నగ సంగతి సరే, పుండు సంగతేమిటి?

చెవులు కుట్టించడమంటే మన ఇళ్లలో వేడుక. మేనమామ ఒళ్లో పిల్లని కూచోబెడతారు. కంసాలి తీగ గుచ్చుతాడు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చుట్టూ చేరినవాళ్లు నవ్వుతారు. ఫోటోలు తీస్తారు, భోజనాలు పెడతారు. వాళ్లకి వేడుక అక్కడితో అయిపోతుంది. పిల్లకి మాత్రం అప్పుడే మొదలవుతుంది. మెత్తటి చెవి తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ముక్కుకి నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చెవి పైభాగంలో గట్టి అంచుకి కుట్టిస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టొచ్చు. అన్నాళ్లూ అక్కడ ఉన్నది నగ కాదు, పుండు. ఆ పుండు గురించి మాట్లాడేవాళ్లు లేరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. స్త్రీల ఒంటిమీద చేసే గాయానికి సమాజం అందమనీ ఆచారమనీ ఫ్యాషననీ పేర్లు పెడుతుంది. ఆ గాయం మానే కాలాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోదు. ఎందుకంటే ఆ కాలమంతా నడిచేది ఆడవాళ్ల చాకిరీ మీద. పిల్ల చెవి దిండుకి ఒత్తుకోకుండా రాత్రంతా కనిపెట్టుకుని ఉండేది తల్లి. గౌను తొడిగేటప్పుడు పోగు తగులుకోకుండా చూసేది తల్లి. చీము పడితే "నీకు చూసుకోవడం చేతకాలేదు" అని మాట పడేదీ తల్లే. కుట్టించాలన్న నిర్ణయం ఇంటిల్లిపాదిదీ, మాన్పించే బాధ్యత ఒక్క మనిషిదీ. ఆ మనిషికి ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పరు. దీన్ని అలంకరణ విషయమని పక్కన పెట్టడానికి నేను ఒప్పుకోను. ఇది ఆరోగ్య హక్కు.

మన మౌనం

సంఘాల సమావేశాల్లో ఈ మాటెత్తితే నాకు రెండు రకాల జవాబులు వస్తుంటాయి. "మనం నగల సంస్కృతినే వ్యతిరేకిస్తుంటే, కుట్టిన ముక్కుని ఎలా చూసుకోవాలో నేర్పమంటావేమిటి?" అని పెద్దవాళ్లు. "నా ఒళ్లు నా ఇష్టం, టాటూ వేయించుకుంటానో బొడ్డు కుట్టించుకుంటానో, మధ్యలో మీ ఉపన్యాసమేమిటి?" అని యువతులు. రెండు మాటల్లోనూ నిజముంది. రెండూ పుండు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతున్నాయి.

మొదటి వాళ్లకి నా జవాబు: బంగారానికీ కట్నానికీ, నగకీ ఆడదాని పరాధీనతకీ ఉన్న ముడి గురించి మనం రాసినవేవీ వెనక్కి తీసుకోనక్కర్లేదు. కానీ మన విమర్శ పూర్తయ్యేదాకా ఏ పిల్ల చెవిలోనూ చీము ఆగదు. కుటుంబ నియంత్రణ విషయంలో మనం ఇలా ఆలోచించామా? ప్రభుత్వ జనాభా విధానాన్ని ఎండగడుతూనే లూపు వేయించుకున్న స్త్రీ ఏ లక్షణాలు కనిపిస్తే ఆస్పత్రికి పోవాలో చెప్పాం. 1990ల తొలి ఏళ్లలో హైదరాబాదు స్త్రీలు తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం చేసిన పని అదే: స్త్రీ తన శరీరం గురించి తన భాషలో తెలుసుకోవడం రాజకీయమేనని నిలబెట్టడం. ఆ సవాలక్షలో ఈ సందేహం కూడా ఒకటి.

యువతులకి నా జవాబు: "నా ఒళ్లు నా ఇష్టం" అన్న మాట కోసం మా తరం చాలా నిందలు మోసింది. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. అయితే ఇష్టం సూది దిగిన క్షణంతో ముగిసిపోదు. ఏ సిరా, ఏ లోహం, ఎవరికి వాడిన సూది, ఎన్నాళ్లకి మానుతుంది, మానకపోతే ఎక్కడికి పోవాలి, ఇవి తెలియకుండా ఇచ్చిన అనుమతి సగం అనుమతే. ఆపరేషన్ చేసే డాక్టరుని "వివరం చెప్పి ఒప్పించావా, వేలిముద్ర వేయించుకుని కోశావా" అని నిలదీసినవాళ్లం మనం. పార్లరుని ఆ ప్రశ్న ఎందుకడగం?

ఆచారం పేరు చెప్పేవాళ్లకి

ఎడమ ముక్కు కుట్టిస్తే కాన్పు సులువవుతుందని, అక్కడి నరం గర్భసంచికి పోతుందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. వైద్యంలో దీనికి ఆధారం లేదు. గర్భసంచి పేరు చెబితే ఆడపిల్ల నోరెత్తదన్న ధీమా తప్ప ఇందులో ఏమీ లేదు.

సంప్రదాయం కావాలంటే సుశ్రుత సంహితనే తీసుకుందాం. సూత్రస్థానం పదహారో అధ్యాయం చెవులు కుట్టడం గురించి. ఆరో నెలలోనో ఏడో నెలలోనో కుట్టాలంటుంది. అయితే అక్కడితో ఆగదు. తప్పుచోట గుచ్చితే వచ్చే బాధలేమిటి, వత్తి ఎన్నాళ్లకి మార్చాలి, తెగిపోయిన తమ్మెను తిరిగి ఎలా అతకాలి అన్నదాకా పోతుంది. అంటే ఆ ప్రాచీన గ్రంథం దాన్ని గాయంగానే చూసింది, గాయానికి చికిత్స రాసింది. ఆచారం పేరు చెప్పేవాళ్లు అందులోంచి ముహూర్తం తీసుకుని చికిత్స వదిలేశారు. పదకొండో రోజునో ఇరవైయొకటో రోజునో పసిగుడ్డు చెవులు గుచ్చేస్తున్నారు. ధనుర్వాతం రాకుండా పిల్లకి వేసే టీకాలు ఆరు, పది, పద్నాలుగు వారాలకి గాని పూర్తికావు. నవజాత శిశువుల్లో ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా మనకి 2015లో గుర్తింపు వచ్చింది. మంత్రసానులకి శుభ్రమైన బ్లేడు ఎందుకో చెప్పి చెప్పి సాధించింది అది. అలాంటప్పుడు బొడ్డు దగ్గర అక్కర్లేదన్న మురికి చెవి దగ్గర ఎందుకు?

పిల్ల మాట వినాలన్నది కూడా హక్కే. 1992 డిసెంబరులో మన దేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక, పిల్లలకి తమకి సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు ఉందంటుంది. ఏడెనిమిదేళ్ల పిల్ల "ముక్కు వద్దు" అంటే అది మొండితనం కాదు, అభిప్రాయం.

తెలుసుకోవలసింది కొంచెమే

గాయాన్ని చూసుకోవడం బ్రహ్మవిద్య కాదు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ముట్టుకోకూడదు. కుట్టిన చోటుని రోజుకి ఒకటి రెండుసార్లు మందుల షాపులో దొరికే శుభ్రమైన సెలైన్‌తో తడిపి, పక్కు మెత్తబడ్డాక శుభ్రమైన గాజుగుడ్డతో అద్దాలి. మొదట్లో పల్చటి రసి కారి ఎండిపోవడం మామూలే, దాన్ని గోటితో గీకకూడదు. పోగుని అస్తమానం తిప్పుతూ ఉండమని చెబుతారు. అక్కర్లేదు, తిప్పితే మానుతున్న చర్మం మళ్లీ చీరుకుంటుంది. పసుపు, కొబ్బరినూనె, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇవేవీ పచ్చిపుండుకి వద్దు. రంధ్రం పూడిపోకుండా చీపురుపుల్లో వేపపుల్లో గుచ్చే అలవాటు మానాలి.

పచ్చబొట్టయితే మెత్తటి సబ్బుతో కడిగి, అద్ది ఆరబెట్టి, వాసనలేని క్రీము పల్చగా రాయాలి. పైచర్మం మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు. ఆ లోపల చెరువులో, కాలవలో, ఈతకొలనులో దిగకూడదు. ఎండ తగలనివ్వకూడదు. పొట్టు రాలుతుంటే పీకకూడదు.

వాపు, వేడి, సలపరం రోజురోజుకీ పెరుగుతుంటే, చిక్కటి చీము వస్తుంటే, జ్వరం తగిలితే ఆస్పత్రికి పోవాలి. పుస్తకాలన్నీ "ఎర్రబడితే" అంటాయి. అవి తెల్లచర్మాన్ని చూసి రాసినవి. మన నల్లటి ఒంటిమీద ఎరుపు కనబడదు, చర్మం ఇంకా నల్లబడుతుంది, ఊదారంగుకి తిరుగుతుంది. చెవి పైభాగపు గట్టి అంచు వాస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. అక్కడ రక్తం తక్కువగా పారుతుంది, చీము పడితే చెవి ఆకారమే పోవచ్చు. చీము పట్టిందని డాక్టరుకి చూపించకుండా పోగు పీకేస్తే రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోయే ప్రమాదముంది. కుటుంబంలో దెబ్బ తగిలినచోటల్లా కండ పెరిగే లక్షణం ఉంటే కుట్టించే ముందే ఆలోచించుకోవాలి.

ఈ మాత్రం వివరం ఒక్క కాగితం మీద పడుతుంది. అయినా ఆ కాగితం మన అంగన్‌వాడీలో ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఎవరికి సాధ్యం?

పైన రాసినవి మళ్లీ చదవండి. ప్రతి వాక్యం వెనకా కుళాయి, నీడ, తీరిక ఉన్నాయి. నాట్ల రోజుల్లో బురదలో మోకాళ్లదాకా దిగే కూలీకి "తడవనివ్వకు" అని ఎలా చెబుతాం? రొయ్యల షెడ్డులో పొద్దంతా తడిచేతులతో ఉండే పిల్ల చేతులెప్పుడు ఆరబెట్టుకుంటుంది? భవన నిర్మాణంలో సిమెంటు దుమ్ములో నిలబడే మనిషికి ముక్కు మీద వాసనలేని క్రీమా? పచ్చబొట్టు పుండై పని మానేస్తే ఆ రోజు కూలి ఎవరిస్తారు? అందుకే "శుభ్రంగా ఉంచుకోలేదు" అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. శుభ్రత గుణం కాదు, సదుపాయం.

మొగుడి పేరు చేతిమీద పొడిపించుకున్న స్త్రీల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ మొగుడు వదిలేసి పోతే పేరు మిగిలిపోతుంది. లేజరుతో తీయించాలంటే ఒక్కసారితో పోదు, వారాల ఎడంతో పలుమార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ కొత్త పుండు, కొత్త ఖర్చు. డబ్బులేని స్త్రీ కాల్చుకుంటుంది, గీరుకుంటుంది. పొడిపించుకున్నప్పుడు ప్రేమ అన్న సమాజం, కాల్చుకున్నప్పుడు పిచ్చి అంటుంది.

దుకాణం, రాజ్యం

జాతరలో గొడుగు కింద మిషన్ పెట్టుకుని కూచున్నవాడు ఒకే సూదితో ఎంతమందికి పొడుస్తున్నాడో లెక్కలేదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. రక్తనిధుల నియమాల ప్రకారం పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్లు ఏడాది పాటు రక్తం ఇవ్వకూడదు. అంటే ప్రమాదం ప్రభుత్వానికి తెలుసు. రక్తం తీసుకునేటప్పుడు గుర్తొచ్చే ప్రమాదం దుకాణానికి అనుమతి ఇచ్చేటప్పుడు గుర్తురాదు. పార్లర్లలో చెవులు కుట్టే ప్లాస్టిక్ గన్‌ని ఆస్పత్రి పనిముట్లలా ఆవిరిలో శుద్ధి చేయడం కుదరదు. గట్టి అంచుని అది చితగ్గొడుతుంది కూడా. అయినా పదిహేనేళ్ల పిల్లల చెవుల పైభాగానికి దాంతోనే కుడుతున్నారు.

యూరపులో ఒంటికి తగిలే నగల్లో నికెల్ మీద 1994లోనే పరిమితి పెట్టారు. పచ్చబొట్టు సిరాల్లో వేల రసాయనాలకి 2022 జనవరి నుంచి కట్టడి తెచ్చారు. మనకి బంగారం కల్తీ కాకుండా హాల్‌మార్కు ఉంది. 2021 నుంచి అది తప్పనిసరి కూడా. కొనేవాడి డబ్బుకి ఉన్న రక్షణ, ఆ బంగారం గుచ్చుకునే చర్మానికి లేదు.

రాజ్యం పట్టించుకోలేదని నేనంటే, అది పట్టించుకున్న ఒక సందర్భం కూడా చెప్పాలి. 1993 డిసెంబరులో అమృత్‌సర్‌లో జేబుదొంగలని పట్టుకొచ్చిన సాన్సీ స్త్రీల నుదుళ్ల మీద పోలీసులు 'జేబ్‌కత్రీ' అని పచ్చబొట్టు పొడిపించారు. ఆ పోలీసులకి సి.బి.ఐ. కోర్టులో శిక్ష పడింది 2016లో. సాన్సీలు బ్రిటిష్‌వాడు నేరస్థ జాతి అని ముద్రవేసిన సమూహం. మన దగ్గర ఊరూరా తిరిగి సోదె చెబుతూ పచ్చబొట్లు పొడిచిన ఎరుకల స్త్రీలు కూడా ఆ చట్టం కిందే నలిగినవాళ్లు. 1952లో చట్టం పోయింది. అమృత్‌సర్‌లో అదే ముద్రని సూదితో దించారు. ఒకే సూది ఒకరికి బతుకుతెరువు, ఒకరికి సింగారం, ఇంకొకరికి శిక్ష. అందుకే జాతర పచ్చబొట్లని నిషేధించమని నేను అడగను. నిషేధం ముందు పడేది ఆ పేదల మీదే. వాళ్లకి శిక్షణ, మనిషికో కొత్త సూది, టీకా ఇవ్వమంటాను.

మనం అడగాల్సినవి

పద్నాలుగు వారాల టీకా పడకముందు చెవులు కుట్టొద్దని టీకాల రోజునే ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు తల్లులకి, తండ్రులకి కూడా చెప్పాలి. గాయాన్ని చూసుకునే పద్ధతి తెలుగులో, బొమ్మలతో, ప్రతి కంసాలి దుకాణంలోనూ పార్లరులోనూ గోడమీద ఉండాలి. మనిషికో సూది వాడనివాళ్ల అనుమతి రద్దు కావాలి. సిరాకీ లోహానికీ ప్రమాణాలు రావాలి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో చీముపట్టిన ముక్కుతో వచ్చిన పిల్లని "సోకులకి పోయావు, అనుభవించు" అని వెక్కిరించే నోళ్లు మూతపడాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు. వచ్చే నెల మీ సంఘం సమావేశంలో ఒక అరగంట దీనికివ్వండి. "మీ చెవులు కుట్టించినప్పుడు మానడానికి ఎన్నాళ్లు పట్టింది, ఎవరు చూసుకున్నారు?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. ఆడవాళ్లు మాట్లాడతారు. ఆ అరగంట మీకు చాలదు.