ఆయాసమంటే అలసట కాదు

మన ఇళ్ళలో తెలుగు మాట్లాడుకుంటాము. గడప దాటితే అరవమో, కన్నడమో. తాతలనాటి అలవాటు గనుక ఇందులో ఒక చిక్కున్నదని ఎవరికీ తోచదు. మాకు మాత్రం 2021 మే నెలలో తెలిసివచ్చింది.

మా అత్తగారు హోసూరు తాలూకాలోని ఒక పల్లెలో మా బావమరిది దగ్గర ఉంటారు. ఆ నెల 10వ తేదీనుండి తమిళనాట పూర్తి లాక్‌డౌన్. బస్సులు లేవు. ఆమెకు నాలుగు రోజులుగా జ్వరం. మనుమరాలు తన బడిపాఠాల ఫోనులోనే ఒక డాక్టరుగారిని పట్టుకున్నది. ఆయన అరవవారు, ఓపికగానే అడిగారు. మా అత్తగారు వచ్చిన నాలుగు అరవమాటలూ కూడబలుక్కొని, చివరకు "ఆయాసంగా ఉన్నది" అన్నారట. అరవంలోను, కన్నడంలోను ఆయాసమంటే అలసట. జ్వరం వచ్చినవారికి అలసట మామూలే కదా! ఆయన జ్వరానికి మాత్రలు, బలానికి మాత్రలు వ్రాసి, విశ్రాంతి తీసుకొమ్మన్నారు.

సాయంత్రం ఆ పిల్ల మాకు ఫోను చేసి చీటీ చదివి వినిపించింది. బలానికి మాత్రలెందుకని మా ఇంటావిడకు అనుమానం తగిలింది. "ఒకసారి అవ్వకు ఇవ్వవే ఫోను" అన్నది. అవతలినుండి "లేచి వాకిలిదాకా..." అని ఒక ఆగడం, "వచ్చేసరికి..." అని మరొక ఆగడం. మా ఇంటావిడ ముఖం పాలిపోయింది.

మళ్ళీ డాక్టరుగారిని పిలిచారు. ఈసారి పిల్ల "మూచ్చు వాంగుదు" అని చెప్పింది. ఆయన గొంతే మారిందట. అవ్వ రొమ్ము కనబడేటట్లు ఫోను పట్టుకొమ్మని, గడియారం చూచి ఒక నిమిషం ఊపిరులు లెక్కపెట్టించారు. 28 వచ్చాయి. పెద్దవారికి మామూలుగా ఉండేది 12 మొదలు 20. నాటి ప్రభుత్వ సూచనల ప్రకారం 24 అయితేనే ఆసుపత్రి మాట. 108 బండి వచ్చింది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు ఆమె ఆసుపత్రి ఉప్మా సంగతి వచ్చినవారికల్లా చెబుతూ ఉంటారు.

ఫోను వైద్యాన్ని తప్పుపట్టడానికి ఇది వ్రాయలేదు. అది లేకపోతే ఆ పల్లెకు ఆనాడు డాక్టరే లేడు. నిజానికి ఇది మనకు కొత్తదీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలోని రోగులను మద్రాసులోని వైద్యులు తెరపై చూడడం 2000 ప్రాంతాలలోనే మొదలయింది. 2020 మార్చి 25న కేంద్రం ఫోను వైద్యానికి నియమావళి వెలువరించింది. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ద్వారా ఇంటినుండే వైద్యుని చూచే వీలు వచ్చింది. ఆ సంజీవనిలోనే మరొక పద్ధతి ఉన్నది. ఊరి ఆరోగ్య కేంద్రంలో రోగి పక్కన అక్కడి ఉద్యోగి కూర్చుండి పెద్ద డాక్టరుతో మాట్లాడిస్తారు. 2019 నవంబరులో దీనిని ముందుగా మొదలుపెట్టినది ఆంధ్రప్రదేశే. ముసలివారికి మాకు ఈ పద్ధతే నచ్చింది. పక్కనున్న మనిషి ముక్కుపుటాలు ఎగరడం చూస్తుంది, రెండు భాషలూ ఎరుగును. ఫోను ఒక్కటే దిక్కయినప్పుడు ఆ పని ఇంటిలోని పిల్లలది.

మా ఇంట గోడ క్యాలెండరు వెనుక ఒక కాగితం అంటించాము. ఆయాసానికి అరవంలో మూచ్చు వాంగుదు, కన్నడంలో ఏదుసిరు. ఇంకా పది మాటలున్నవి. గంజాం, కొరాపుట్, షోలాపూర్ వైపు పాఠకులు తమ ఇంటిమాటలకు ఒరియాలో, మరాఠీలో ఏమనవలెనో కార్డు వ్రాస్తే వచ్చే సంచికలో అన్నీ కలిపి అచ్చువేయిస్తాము.