పిల్లలకు చెప్పదగిన కథలు: జెఱ్ఱిపోతు

విశాఖపట్టణమున గాజువాక చెంతనున్న ఆటోనగర్ నుండి యొక సోదరి ఈ శీర్షికకు ఉత్తరము వ్రాసిరి. వారి భర్తకు అచ్చట లారీలు బాగుచేయు షెడ్డు కలదు. వానలు పడిన పిమ్మట ఒకనాడు పాత టైర్ల గుట్టనుండి పొడవైన పామొకటి వెలువడగా పనివారు ఇనుప కడ్డీలతో దానిని కొట్టి చంపిరట. చచ్చిన తరువాత పెద్దవయసు మేస్త్రి యొకడు చూచి, అది జెఱ్ఱిపోతనియు, దానికి విషమే లేదనియు చెప్పెనట. ఆ సోదరి కుమారుడు ఎనిమిదేండ్లవాడు. అంతయు చూచుచు గుమ్మమున నిలిచియుండెను. అది మొదలు పగటివేళ ఱబ్బరు గొట్టమును నేలపై పడవేసి కఱ్ఱతో బాదుట వానికి ఆటయైనది. రాత్రియైనచో, చచ్చిన పాము జత పగబట్టి వచ్చునని తల్లి కొంగు విడువడు. వీనికి పాముల కథలు మాన్పింపవలెనా, లేక వేఱు కథలు చెప్పవలెనా, చెప్పదగినవి యేవి అని వారి ప్రశ్న.

మాన్పింపవలదని నా యభిప్రాయము. పగటి కఱ్ఱయు రాత్రి భయమును ఒక్కచోటనే పుట్టినవి. పాము పగబట్టునని వానికి చెప్పినది పాము కాదు, మన కథయే. ఇటీవల సినిమాయు దానికి తోడైనది. పగ సాధించుటకు తగిన జ్ఞాపకశక్తి పాములకు లేదని వానిని చూచి పరిశోధించినవారు చెప్పుచున్నారు. కాని యీ మాట చెప్పినంతమాత్రమున ఎనిమిదేండ్లవాని భయము పోవునా? కథవలన వచ్చినది కథతోనే పోవలెను.

మన యిండ్లలో పిల్లలకు మొదట చేతికి వచ్చు మృగములు పంచతంత్రములోనివి. చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో వెలువడినది మొదలు చిత్రగ్రీవుడు, హిరణ్యకుడు, కరటక దమనకులు మన పెరటివారివలె నైరి. నేను వానిని త్రోసిపుచ్చుదానను కాను. కాని యొక్కటి గమనింపుడు. అందలి నక్క నక్క కాదు, రాజసభలోని మంత్రి. ఎద్దు ఎద్దు కాదు, కొలువులో చేరిన కొత్తవాడు. పెద్దవారికి ఈ ముసుగు తెలియును. పిల్లవాడు మాత్రము ముసుగునే పట్టుకొనును. వానికి నక్క ఎప్పటికిని వంచకి, గుడ్లగూబ అపశకునము, పాము దుష్టము. కాకి పిల్లలను తినిన పాము కథ మీరెఱుగుదురు. కాకి రాజుగారి యింటినుండి హారము తెచ్చి పుట్టలో వైచును, భటులు వచ్చి పామును చంపుదురు, వినుచున్న పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఉపాయము గొప్పదని నేర్పుటకే పుట్టిన కథ యది. పాములను చంపవలెనని నేర్పుట విష్ణుశర్మ యుద్దేశము కాదు. అయినను చప్పట్లు మ్రోగినది భటుల కఱ్ఱకే గదా!

ఆంగ్ల కథలు మేలైనవని యెంచు తల్లులును కలరు. కిప్లింగు 1894లో ప్రకటించిన అడవి కథల గ్రంథములో ముంగిస కథయొకటి యున్నది. అందు నాగుపాము దంపతులే దుర్మార్గులు. అదే గ్రంథములో కా అను కొండచిలువ కోతులు ఎత్తుకొనిపోయిన బాలుని విడిపించి తెచ్చును. 1967లో వచ్చిన బొమ్మల సినిమాలో ఆ కొండచిలువనే బాలుని మ్రింగజూచు శత్రువుగా మార్చివైచిరి. పాము మంచిదైన కథను వెండితెరవారు ఓర్వలేకపోయిరి కాబోలు.

ఈ పిల్లవానికి తగిన కథ మన యింటనే, భారతము ఆదిపర్వములో నున్నది. రురుడను ముని కుమారునికి ప్రమద్వర యను కన్యను నిశ్చయించిరి. పెండ్లికి ముందు ఆమె చెలులతో నాడుకొనుచు తెలియక పామును త్రొక్కినది, అది కఱచినది, ఆమె ప్రాణము పోయినది. రురుడు తన యాయువులో సగమిచ్చి ఆమెను బ్రతికించుకొనెను. ఇంతవఱకు చాలమందికి తెలియును. తరువాతి భాగమే మనకు కావలసినది. పాములపై క్రోధము పట్టలేక రురుడు కఱ్ఱ చేతబట్టి, కనబడిన పామునెల్ల కొట్టుచు తిరుగసాగెను. ఒకనాడు అడవిలో ముసలి డుండుభమొకటి వాని కంటబడెను. డుండుభమనగా విషములేని నీటిపాము. రురుడు కఱ్ఱయెత్తగా అది నోరువిప్పి, నేను నీకేమి యపకారము చేసితిని, పాము రూపమున్నదను మాత్రాన నన్నేల చంపెదవని యడిగెను. ఎత్తిన కఱ్ఱ ఎత్తినట్లే నిలిచిపోయెను.

ఆ పాము పూర్వము సహస్రపాదుడను ముని. చిన్ననాట వేడుకకై గడ్డితో పామును చేసి, అగ్నికార్యము చేసికొనుచున్న స్నేహితునిమీద వైచెను. స్నేహితుడు భయముతో మూర్ఛపోయి, తెలివివచ్చిన పిమ్మట, విషములేని ఆ బొమ్మవలెనే నీవును విషములేని పామువై పుట్టుమని శపించెను. సోదరీ, మీ బాలుని ఱబ్బరు గొట్టము ఇచ్చట జ్ఞప్తికి వచ్చుట లేదా? భయమును ఆటగా చేసినవాడొకడు, పగను వ్రతముగా పట్టినవాడొకడు, నడుమ నోరులేని ప్రాణి. ఈ కథలో చెడ్డవారెవ్వరును లేరు. అందుచేతనే నాకు ఇది మిక్కిలి ఇష్టము. రాత్రివేళ చెప్పుచు, కఱ్ఱయెత్తిన చోట క్షణమాగుడు. వాడు తప్పక ‘కొట్టెనా?’ అని యడుగును.

ఈ కాలపు పుస్తకములలో జెఱ్ఱిపోతు కథయే కావలెనన్నచో అదియు నున్నది. మదరాసు చెంత 1976లో నెలకొల్పబడిన మొసళ్ల బ్యాంకు స్థాపకులలో నొకరగు జై విటేకరుగారు కాళి యను బాలుని గుఱించి ఆంగ్లమున చిన్న పుస్తకము వ్రాసిరి. తూలిక ప్రచురణలవారు దానిని ముద్రించిరి. బొమ్మలు చక్కగా నున్నవి. కాళి ఇరుళ జాతివాడు. తండ్రి పాములను పట్టువాడు. బడిలో ఆ సంగతి చెప్పుకొనుటకు వానికి సిగ్గు. వానితో స్నేహము చేయువారును లేరు. ఒకనాడు తరగతి గదిలోనికి పెద్ద జెఱ్ఱిపోతు రాగా అందఱును హడలిపోదురు. ఏమి చేయవలెనో తెలిసినవాడు కాళి యొక్కడే. తెలుగున దొరకనిచో బొమ్మలు చూపుచు మీ మాటలతోనే చెప్పవచ్చును. ఇరుళలు వట్టి కథలోని మనుష్యులు కారు. ఒకప్పుడు పాముతోళ్లకై పాములను పట్టిన ఆ ప్రజలు 1978లో సహకార సంఘముగా నేర్పడి, పాములను పట్టి విషము పిండి మరల అడవిలో విడిచిపెట్టు వృత్తికి మాఱిరి. పాముకాటుకు ఆసుపత్రులలో నిచ్చు విరుగుడు మందు తయారగుటకు ఆ విషమే ఆధారము.

కథ ముగిసిన పిమ్మట వాడు ప్రశ్నలు వేయును. తల్లికి కొంత తెలిసియుండవలెను. జెఱ్ఱిపోతు ఆఱేడడుగులు పెరుగును, పగటిపూట తిరుగును, ఎలుకలను తినును. షెడ్డులలో తినుబండారముల కాగితములు, తుక్కు, పాత టైర్లు చేరినచోట ఎలుకలు చేరును. ఎలుకలున్నచోటికి అది వచ్చును. ఆ టైర్ల గుట్టలో అది వెదకినది తన యాహారమునే. ఆవు కాళ్లకు చుట్టుకొని పాలు త్రాగునను మాట నిజము కాదు. ఏ పామును పాలు త్రాగి బ్రతుకదు. నాగుపామునకు జెఱ్ఱిపోతు మగడనుటయు అట్టిదే. రెండు జెఱ్ఱిపోతులు మెడలెత్తి పెనవేసికొనుచున్నచో అది సరసమని జనులనుకొందురు. సాధారణముగా అవి రెండును మగవి, బలము చూచుకొనుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని చంపుట నేరము. నాగులచవితినాడు పుట్టకు మ్రొక్కి, మఱునాడు పెరటిలో కనబడినదానిని కొట్టించు మన వాడుకను గుఱించి నేను వేఱుగా చెప్పనక్కఱలేదు.

అయితే పాములన్నియు జెఱ్ఱిపోతులు కావు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మన యూళ్లలోను కలవు. చిన్నపిల్లలు, ఆ మాటకు వచ్చినచో పెద్దలును, ఏది యేదో పోల్చలేరు. కనుక ఏ పామునైనను తాకరాదు, తఱుమరాదు. దూరముగా నిలిచి, అటవీశాఖవారిని గాని పాములు పట్టుటలో శిక్షణ పొందినవారిని గాని పిలువవలెనని పిల్లవానికి ఖండితముగా చెప్పుడు. కాటుపడినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట పనికిరాదు. మంత్రములకై కాలము పుచ్చక ఆసుపత్రికే తీసికొనిపోవలెను. కథవలన ప్రేమ పుట్టవచ్చును గాని ధైర్యము పేరిట మూర్ఖత పుట్టరాదు.

విశాఖపట్టణమువారికి మఱియొక కథ చేరువలోనే యున్నది. దానిని తెలుగున బాలలకై ఎవరైనను చక్కగా వ్రాసిన బాగుండును. ఉత్తరాంధ్రపు తూర్పుకనుమలలో గిరినాగు కలదు. విషసర్పములలో దానికంటె పొడవైనది లేదు. తినునది ముఖ్యముగా ఇతర పాములను, అందును జెఱ్ఱిపోతులను. ఆడ గిరినాగు గ్రుడ్లు పెట్టుటకు ముందు తన దేహపు చుట్లతోనే రాలిన ఆకులను ప్రోగుచేసి గూడు కట్టును. పాములలో ఇట్లు గూడు కట్టునది అదియొక్కటే. తరువాత వారములకొలది ఆ గూటిని కాచియుండును. ఇట్టి గూళ్లను పల్లెవారు చెఱుపకుండునట్లు విశాఖ ప్రాంతమున ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ యను సంఘమువారు పనిచేయుచున్నారు. గ్రుడ్లు పగులుటకు ముందే తల్లి తఱచు గూడు విడిచి వెళ్లిపోవును. ఎందుకు వెళ్లినదని బాలుడు తప్పక అడుగును. తొందరపడి జవాబు చెప్పక, నీవేమనుకొందువని వానినే అడిగి చూడుడు.

ఆటోనగర్ సోదరి పై కథలలో దేనిని మొదట చెప్పిరో, బాలుడేమనెనో మరల వ్రాయుదురు గాక. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల సోదరీమణులు తమ అమ్మమ్మలు చెప్పిన కథలలో పామును చంపక విడిచిన కథ యేదైన నున్నచో పంపుడు. వచ్చు సంచికలో గుడ్లగూబను గుఱించి ముచ్చటింతము.