తెలియనిది తెలియదనే చెప్పండి

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే కూలిపోయారు. నోట నురగ, ఫిట్స్, కాసేపటికి మళ్లీ స్పృహ. ఒకే ఇంట్లో ఒకరు పడిపోతే మిగతావాళ్లు నిక్షేపంగా ఉన్నారు. కొద్ది రోజుల్లోనే బాధితులు ఐదు వందలు దాటారు. ఆ ఊరు అడిగిన ప్రశ్నలు రెండే: కుళాయి నీళ్లు తాగొచ్చా? బజారు కూరగాయలు వండుకోవచ్చా?

వాటికి సూటి జవాబు లేదు. నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఇంతలో రక్తంలో సీసం, నికెల్ అన్నారు. సీసమంటే పిల్లలకు పాలు మానిపించాలా? అది చెప్పినవారు లేరు. చివరికి ఎయిమ్స్, జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపేసరికి పది రోజులు దాటింది. కారణం వెంటనే దొరక్కపోవడం తప్పు కాదు, పరీక్షలకు టైము పడుతుంది. కానీ సగం ఉడికిన ఫలితాలు రోజుకొకటి టీవీ స్క్రోలింగుల్లో, నాయకుల నోట బయటపడటం ముమ్మాటికీ తప్పే.

సమాచారం దాచడానికి ‘జనం కంగారుపడతారు’ అన్నది అధికారులకు అలవాటైన సాకు. ఈ మౌనం ఏలూరుకే పరిమితం కాదు. అదే ఏడాది మే 7 తెల్లవారుజామున విశాఖలో ఒక ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి వెంకటాపురాన్ని కమ్మేసినప్పుడు ఫ్యాక్టరీ సైరన్ మోగలేదు. కొవిడ్ బులెటిన్లలో వివరాలేవని తెలంగాణ ప్రభుత్వాన్ని హైకోర్టు పదేపదే నిలదీయాల్సి వచ్చింది. నోరు మూసుకుంటే కంగారు తగ్గదు, వాట్సాప్‌కు మేత దొరుకుతుంది.

దీనికి భిన్నంగా, 2018లో నిపా వైరస్ వచ్చినప్పుడు కేరళ ఆరోగ్య మంత్రి శైలజ కోళికోడ్‌లోనే మకాం వేశారు. గబ్బిలాల తొలి నమూనాల్లో వైరస్ లేదని అధికారులు అప్పుడే చెప్పారు. ఆ తర్వాత పళ్లు తినే గబ్బిలాల్లో దొరికిందనీ చెప్పారు. ఇది మాట మార్చడం కాదు. 17 మంది చనిపోయిన ఆ గడ్డు రోజుల్లో జనం ప్రభుత్వం మాట విన్నారంటే, ఈ దాపరికం లేకపోవడమూ ఒక కారణమని మా నమ్మకం.

కాబట్టి వ్యాధి ప్రబలిన జిల్లాలో జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) రోజూ సాయంత్రం ఒకే వేళకు మాట్లాడాలి. తేలిందేమిటి, తేలనిదేమిటి, ఈ రాత్రి ఇంట్లో ఏం చేయాలి: ఈ మూడూ తెలుగులో, వార్డులవారీ లెక్కలతో చెప్పాలి. నిన్నటి మాట తప్పయితే ముందుగా దాన్నే దిద్దుకోవాలి. అదే సమాచారం టీవీల కంటే ముందు ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు అందాలి. వీధిలో జనం అడిగేది వాళ్లనే. అమరావతి నుంచో హైదరాబాద్ నుంచో ఫోన్ వచ్చేదాకా ఆగక్కర్లేకుండా ఇలా మాట్లాడే అధికారాన్ని జిల్లా అధికారికి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇప్పుడే జీవో రూపంలో ఇవ్వాలి.