అర్జీ రాయడం బడిలోనే నేర్పుదాం

మొన్న మా పాత విద్యార్థి తండ్రి ఒకాయన అర్జీ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. రెండు పేజీలు. మొదటి పేజీ నిండా కుటుంబ కష్టాలే. ఇంటి పన్ను రసీదులో పేరు తప్పు పడింది, సరిచేయండి అన్న అసలు మాట రెండో పేజీ చివర ఉంది. రాసిచ్చినాయనకు వంద రూపాయలు ఇచ్చారట. ఆఫీసులో గుమస్తా నాలుగు లైన్లు చూసి "నేమ్కం కాయ్ పాహిజే?" అంటూ తిరిగి చేతిలో పెట్టాడు.

కొడుకు తెలుగు మీడియంలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే. వాడే రాయొచ్చు కదా అన్నాను. "మరాఠీలో రాయాలి గదా సార్, భయపడుతున్నాడు" అన్నారు. ఆ తప్పు పిల్లవాడిది కాదు, మాది. వసంత రుతువు మీద వ్యాసం రాయించాం గానీ అర్జీ రాయించలేదు.

ఘుగ్గుస్‌లో కాగితం విలువ వేరే చెప్పాలా? 2022 ఆగస్టులో అమ్రాయి వార్డులో ఒక ఇల్లు ఉన్నట్టుండి భూమిలోకి కుంగిపోయింది. అడుగున పాత బొగ్గు గని. చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రోజున ఇంటి నంబరు, ఇంట్లో ఎంతమంది, ఏం పోయింది, ఏం కావాలి అన్నవి ఒక్క పేజీలో రాయగలిగిన పిల్ల వీధికొకరు ఉంటే ఎంత ఆసరా!

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. ఆ హక్కును వదులుకోమని నేననను. కానీ సమాచార హక్కు దరఖాస్తు మాత్రం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. మనకైతే మరాఠీ. మహారాష్ట్ర నియమాల్లో ఒకే విషయం, మామూలుగా 150 పదాలు అన్న హద్దు కూడా ఉంది. ఆ హద్దు నాకు నచ్చదు గానీ, తరగతిలో అభ్యాసానికి భలే పనికొస్తుంది.

అందుకే ఇంగ్లీషు మీడియంలో వేస్తాం అనే తల్లిదండ్రులకు ఒక మాట. కష్టమంతా భాషలో లేదు, ఏది ముందు చెప్పాలో తేల్చుకోవడంలో ఉంది. అది సొంత భాషలోనే తొందరగా పట్టుబడుతుంది. ఆ తర్వాత అర్జీ 'అర్జ్' అవుతుంది, విషయం 'విషయ్', సంతకం 'సహీ'. ఎంత దూరమని? 2020 చట్టంతో మరాఠీ అన్ని మీడియాల్లో ఎలాగూ తప్పనిసరే.

తొమ్మిదో తరగతికి శనివారం ఒక పీరియడ్ ఇలా నడుపుతున్నాను. ముందు తెలుగులో, తర్వాత మరాఠీ టీచరు సాయంతో మరాఠీలో, చివర ఇంగ్లీషులో. ఒకడు "మా ఇంటి ముందు మోరీ నిండింది" అని రాశాడు. పక్కవాడు చదివి "ఏ ఇల్లురా?" అన్నాడు. నేను అరగంట చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు.

ఆ పన్ను రసీదు అర్జీని చివరికి కొడుకే తిరగరాశాడు. తొమ్మిది లైన్లు. ఆవక్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చాడు. పేరు ఇంకా మారలేదు. నంబరు మాత్రం చేతిలో ఉంది, వచ్చే వారం మళ్లీ వెళ్తానంటున్నాడు.