ఇరవై సిస్టములకు ఒక్క ఇమేజ్: మన బడుల కంప్యూటర్ ల్యాబులను బతికించుకుందాం

ఛత్రినాక, గౌలిపురా, లాల్‌దర్వాజా, శాలిబండ, ఉప్పుగూడ బస్తీల తల్లిదండ్రులకు, బడుల యాజమాన్యాలకు, ఉపాధ్యాయులకు, యువజన సంఘాలకు విన్నపం.

ఈ చుట్టుపక్కల బడుల్లో, ట్యూషన్ సెంటర్లలో కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. చాలా ల్యాబుల్లో తలుపు తీయగానే కనబడే దృశ్యం ఒకటే. ఇరవై సిస్టములుంటే పదకొండింటి మీద గుడ్డ కప్పి ఉంటుంది. గుడ్డ తీస్తే మానిటర్‌కు అంటించిన తెల్లకాగితం, దాని మీద స్కెచ్ పెన్నుతో ‘పనిచేయదు’ అని రాత. మిగిలిన తొమ్మిదింటి ముందు నలభై మంది పిల్లలు. కుర్చీ దొరికినవాడి చేతిలో మౌస్ ఉంటుంది, పక్కవాడికి కీబోర్డు అందుతుంది, వెనక నిలబడ్డవాళ్లు మెడ చాచి చూస్తారు. పీరియడ్ అయిపోతుంది. కంప్యూటర్ ఫీజు మాత్రం నలభై మందీ కట్టారు.

రెండేళ్ల కిందట ఒక బడిలో, పరీక్షలు వారం ఉన్నాయనగా, పెన్‌డ్రైవ్‌లో వైరస్ వచ్చింది. పద్దెనిమిది సిస్టములకు ఒక్కొక్కదానికీ ఫార్మాట్ కొట్టాను. విండోస్ ఎక్కించాలి, డ్రైవర్లు వేయాలి, తెలుగు టైపింగ్ పెట్టాలి, ప్రింటర్ కలపాలి. మూడు రోజులు పట్టింది. నెల తిరక్కుండా మళ్లీ ఫోన్: “సార్, సిస్టమ్స్ స్టార్ట్ కావట్లేదు.” మళ్లీ అదే పని, మళ్లీ అదే బిల్లు. ఇక ఈ పద్ధతే మారాలని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. ఈ కరపత్రం అందుకే.

పాడయ్యేది ఏమిటి?

గుడ్డ కప్పిన డబ్బాలను విప్పి చూశాను. ఎక్కువ వాటిలో ప్రాసెసర్ బాగుంది, ర్యామ్ బాగుంది, మానిటర్ వెలుగుతోంది. పోయింది హార్డ్ డిస్క్, లేదా దాని మీది ఓఎస్, అంటే విండోస్. ఆ డబ్బాలో సిస్టమ్ నడిచినంతసేపూ తిరిగి అరిగే భాగాలు రెండే: ఫ్యాను, డిస్కు. అంటే ఒక్క డిస్కు పోయిందని మొత్తం కంప్యూటర్‌ను మూలన పడేస్తున్నాం.

పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్ల గడువు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. మన ల్యాబుల్లోని పాత సిస్టములు చాలావరకు ఆ లెక్కకు తూగవు. ‘అన్నీ తీసేసి కొత్తవి కొనండి’ అని సలహా ఇచ్చేవాళ్లు వస్తారు. ఆ కొత్తవాటి ఖర్చు చివరికి ఫీజుల్లోనే తేలుతుంది. కొనేముందు ఈ రెండో దారి చూడండి.

డిస్కు లేని ల్యాబు ఎలా నడుస్తుంది?

వంద మందికి భోజనం పెట్టాలంటే ప్రతి విస్తరి దగ్గరా పొయ్యి వెలిగించం. ఒకచోట వండి అందరికీ వడ్డిస్తాం. ల్యాబులోనూ అంతే. ఒక మంచి కంప్యూటర్‌ను సర్వర్‌గా పెడతాం. గ్నూ/లినక్స్ అనే ఉచిత ఓఎస్, ఆఫీసు ప్రోగ్రాములు, తెలుగు ఫాంట్లు, పాఠాలకు కావలసినవన్నీ కలిపి దానిలో ఒకే ఫైలుగా తయారుచేస్తాం. దాన్నే ఇమేజ్ అంటారు. మిగతా సిస్టములన్నీ ఆ ఇమేజ్‌తోనే లేస్తాయి.

పిల్లవాడు పవర్ బటన్ నొక్కుతాడు. డిస్కు లేదు కాబట్టి నెట్‌వర్క్ కార్డు ముందు మేలుకుంటుంది. తన నంబరు చెప్పి, ‘నాకో అడ్రసు కావాలి’ అని కేబుల్ మీద కేకేస్తుంది. నల్లని తెర మీద తెల్ల అక్షరాలు కదులుతుంటాయి. సర్వర్ అడ్రసిచ్చి, మొదట తీసుకోవలసిన చిన్న ఫైలు ఏదో చెబుతుంది. ఆ ఫైలు వచ్చాక ఓఎస్‌కు గుండెలాంటి కెర్నల్ వస్తుంది. కెర్నల్ లేచి ఇమేజ్‌ను అందుకుంటుంది, అదీ ఒకేసారి మొత్తం కాదు, ఏ ముక్క అవసరమైతే ఆ ముక్క. కాసేపట్లో తెర మీద లాగిన్ వస్తుంది. ప్రోగ్రాములు నడిచేది మాత్రం పిల్లవాడి ముందున్న సిస్టమ్ ప్రాసెసర్ మీద, దాని ర్యామ్‌లోనే.

పిల్లల సిస్టముల నుంచి ఇమేజ్‌ను చదవడమే తప్ప మార్చడం కుదరదు. పిల్లలు ఏ సెట్టింగు మార్చినా ఆ మార్పు ర్యామ్‌లో ఉంటుంది, ఆపి మళ్లీ వేస్తే పోతుంది. వాళ్లు రాసుకున్న పాఠాలు, బొమ్మలు సర్వర్‌లో ఎవరి ఫోల్డర్‌లో వాళ్లవి భద్రంగా ఉంటాయి. ఈరోజు మూడో నంబరు సిస్టమ్ దగ్గర మొదలుపెట్టిన పని రేపు పదో నంబరు దగ్గర కొనసాగించవచ్చు. లెక్కల మేడం జియోజీబ్రా ప్రోగ్రాం కావాలంటే సర్వర్‌లోని ఇమేజ్‌లో ఒక్కసారి వేస్తే చాలు, రీస్టార్ట్ చేయగానే ఇరవైలోనూ ఉంటుంది. కొత్త ఇమేజ్‌లో తప్పు దొర్లితే నిన్నటి ఇమేజ్‌కు తిరిగి వెళ్తాం. నేను మూడు రోజులు చేసిన పని ఒక పూటకు దిగుతుంది.

ఇది కొత్త ప్రయోగం కాదు

డిస్కు లేని యంత్రం నెట్‌వర్క్‌లో తన అడ్రసు తెలుసుకునే బూట్‌పీ పద్ధతిని 1985లోనే ప్రకటించారు. 1999లో ఇంటెల్ పీఎక్స్ఈ ప్రమాణంతో నెట్‌వర్క్ కార్డు నుంచి బూట్ కావడం మామూలు పీసీలకూ వచ్చింది. మన పాత సిస్టముల బయోస్‌లో చూడండి, ఆ ఆప్షన్ అక్కడే ఉంటుంది. అదే 1999లో బడుల వంటి చోట్ల పనికొచ్చే ఎల్‌టీఎస్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలైంది, 2019లో దాన్ని మళ్లీ కొత్తగా రాశారు. సూపర్ కంప్యూటర్ క్లస్టర్ల నిర్వాహకులు కూడా వందల కంప్యూటర్ల దగ్గరికి పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగరు. ఒకచోట ఇమేజ్ సిద్ధం చేసి నెట్‌వర్క్ మీద పంపుతారు. 2001 నుంచి ఉన్న వేర్‌వుల్ఫ్ అందుకోసం పుట్టిన సాఫ్ట్‌వేరే.

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బడి నడుస్తుందా అనేవారికి కేరళ జవాబు. 2001లో అక్కడ మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ప్రభుత్వ బడులను గ్నూ/లినక్స్ మీదికి తెచ్చింది. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే గ్నూ/లినక్స్‌ను తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది.

మన డిగ్రీ విద్యార్థులకు ఇంకో లాభం. 1994లో నాసా శాస్త్రవేత్తలు 16 మామూలు ప్రాసెసర్లను ఈథర్‌నెట్‌తో కలిపి బెవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. పగలు టైపింగ్ నేర్పిన మన ల్యాబు సాయంత్రం రెండో ఇమేజ్‌తో లేస్తే, ఇరవై సిస్టములూ ఒకే లెక్కను పంచుకుని చేసే క్లస్టర్ అవుతుంది. సమాంతర ప్రోగ్రామింగ్‌ను పుస్తకంలో చదివి వదిలేసే మన పిల్లలు ఉప్పుగూడ స్టేషన్ దాటకుండానే దాన్ని చేసి చూడవచ్చు.

మీకు వచ్చే సందేహాలు

*సర్వర్ ఆగితే అన్నీ ఆగుతాయి కదా?* నిజమే. అందుకే ఇమేజ్‌నూ సెట్టింగులనూ రెండో యంత్రంలో సిద్ధంగా ఉంచాలి. పిల్లల ఫైళ్లను వారానికోసారి బయటి డిస్కులోకి కాపీ చేయాలి. సర్వర్‌కూ, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కూ యూపీఎస్ తప్పనిసరి.

*ఇంటర్నెట్ కావాలా?* బూట్ కావడానికి అక్కర్లేదు. ల్యాబులోని కేబుళ్లు చాలు. అయితే పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ పనికిరాదు. సర్వర్ నుంచి సెకనుకు 12 మెగాబైట్లకు మించి రావు, ఇరవై మంది పంచుకుంటే తలా 0.6 మెగాబైటే. గిగాబిట్ స్విచ్ పెట్టి, సర్వర్ కేబుల్‌నూ గిగాబిట్‌దే వేస్తే దానికి పది రెట్లు.

*ట్యాలీ సంగతి?* ట్యాలీకి విండోస్ కావాలి. కామర్స్ పిల్లల కోసం రెండు మూడు సిస్టములను డిస్కులతో విండోస్‌లోనే ఉంచుదాం. మిగతా పాఠాలకు లిబ్రేఆఫీస్ సరిపోతుంది.

*భద్రత?* నెట్‌వర్క్ బూట్ చేసే సిస్టమ్ ముందు ఎవరు జవాబిస్తే వాళ్లనే నమ్ముతుంది. కాబట్టి ల్యాబు నెట్‌వర్క్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపకూడదు. మార్కులు, ఫీజుల లెక్కలు, పాస్‌వర్డులు ఇమేజ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు.

నేను కోరేది

1. ఏ బడీ ల్యాబు సిస్టములను తుక్కు కింద అమ్మేముందు, డిస్కు తీసేసి నెట్‌వర్క్ బూట్‌తో ఒకసారి పరీక్షించాలి.

2. యాజమాన్యాలు ముందు ఐదు సిస్టములతో ఒక ఆదివారం ప్రయత్నించాలి. పాత డిస్కుల కేబుల్ పీకి పక్కన పెడితే చాలు. నచ్చకపోతే గంటలో మళ్లీ తగిలించవచ్చు.

3. కొనవలసింది ఒక మంచి సర్వర్, ఒక గిగాబిట్ స్విచ్, కేబుళ్లు, యూపీఎస్. మొదటి ఖర్చు వీటి మీదే పెట్టాలి.

4. ప్రతి ల్యాబుకు ఒక ఉపాధ్యాయుడు, ఒక బస్తీ యువకుడు లేదా యువతి ఇమేజ్ తయారీ నేర్చుకోవాలి. ఏ రోజు ఏం మార్చారో నోట్‌బుక్‌లో రాయాలి. నాలాంటి ఒక్క మెకానిక్ మీదే ల్యాబు ఆధారపడకూడదు.

5. విద్యాశాఖ అధికారులు, మన ప్రజాప్రతినిధులు ప్రభుత్వ బడుల ల్యాబులకు తెలుగు, ఉర్దూ రెండూ ఉన్న ఉమ్మడి ఇమేజ్ తయారు చేయించాలి.

6. వినాయక చవితికి, బోనాలకు చందాలు పోగుచేసి గల్లీగల్లీనీ వెలిగించే యువజన సంఘాలు ఈ ఏడాది ఒక్క బడికి ఒక్క స్విచ్ ఇప్పించాలి.

తల్లిదండ్రులారా! ఈసారి బడికి వెళ్లినప్పుడు ల్యాబు తలుపు తీయించండి. ఎన్ని సిస్టముల మీద గుడ్డ ఉందో లెక్కపెట్టండి. “ఇవి డిస్కు లేకుండా నడుస్తాయేమో చూశారా, సార్?” అని హెడ్మాస్టరు గారిని అడగండి. చూద్దామన్న బడికి మొదటి ఆదివారం నేనే వస్తాను. ఆ రోజు పనికి కూలి తీసుకోను.

— ఛత్రినాక కంప్యూటర్ మెకానిక్ ఒకరు