నోటీసు అందితే పది రోజులే గడువు

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు ఇప్పుడు చాలా మండలాల్లో వెలిశాయి. పేరుకు కంపెనీలే గాని, డైరెక్టర్లు మన పక్క పొలం రైతులే. విత్తనాలు, ఎరువులు అరువు మీద తెచ్చి సభ్యులకు పంచుతారు. విత్తనం మొలవకపోతే చిక్కు మొదలు. సభ్యుడు డబ్బు కట్టడు, సరఫరాదారు ఊరుకోడు. అప్పుడు వచ్చేదే డిమాండు నోటీసు.

పూర్వం 1956 కంపెనీల చట్టంలో ఐదువందల రూపాయలు దాటిన బాకీకే నోటీసు ఇచ్చి, మూడు వారాలు చూసి, కంపెనీని మూసివేయమని హైకోర్టుకు వెళ్లే వీలుండేది. 2016 దివాలా కోడ్‌లో ఈ గడువు పది రోజులే. నోటీసు అందిన పది రోజుల్లో బాకీ తీర్చాలి, లేదా తీర్చినట్లు రుజువు పంపాలి, లేదా బాకీపై తగాదా ఉన్నదని రాతపూర్వకంగా తెలపాలి. ఊరుకుంటే సరఫరాదారు హైదరాబాదులోనో అమరావతిలోనో కంపెనీ లా ట్రిబ్యునల్ తలుపు తడతాడు. అక్కడ దరఖాస్తు స్వీకరిస్తే డైరెక్టర్ల అధికారం ఆగిపోతుంది. కంపెనీ పగ్గాలు బయటి నిపుణుడి చేతికి వెళతాయి.

ఆస్ట్రేలియాలో నోటీసునే కొట్టివేయమని 21 రోజుల్లో కోర్టును కోరవచ్చు. మన కోడ్‌లో అటువంటి దారి లేదు. మనం రాసే జవాబే మనకు అడ్డుగోడ.

ఏ జవాబు నిలుస్తుంది? 2017 సెప్టెంబరులో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తగాదా నోటీసుకు ముందు నుంచే ఉండాలి. అందులో ఎవరు గెలుస్తారో ట్రిబ్యునల్ చూడనక్కరలేదు. విచారించదగ్గ నిజమైన పేచీ అయితే చాలు, దరఖాస్తును తోసిపుచ్చాలి. నోటీసు వచ్చాక అల్లిన సాకు మాత్రం చెల్లదు.

మనవాళ్ల బలహీనత ఇక్కడే ఉన్నది. మొలక రాలేదని డీలరు దుకాణం ముందు గొంతు చించుకుంటారు గాని, ఉత్తరం ముక్క రాయరు. వ్యవసాయాధికారికి పొలం చూపించి కాగితం తీసుకోరు. రిజిస్టర్డు ఆఫీసంటే ఎవరో ఒక డైరెక్టరు ఇల్లు. ఇంగ్లీషు కవరు వచ్చి గూట్లో పడి ఉంటుంది. గడువు దాటాక వకీలు మాత్రం ఏం చేయగలడు?

ఒక రక్షణ ఉన్నది. 2020 మార్చి 24న కేంద్రం బాకీ పరిమితిని లక్ష నుంచి కోటికి పెంచింది. కోటికి తక్కువ బాకీకి ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలు లేదు. చిన్న కంపెనీకి ఇది మేలే. కాని ఫ్యాక్టరీకి చెరకు తోలి రెండు లక్షల కోసం తిరిగే రైతుకు అదే పరిమితి దారి మూసింది. అప్పులిచ్చిన ఆర్థిక సంస్థలు కలిసి దరఖాస్తు చేయవచ్చునని కోడ్ చెబుతున్నది. సరుకు ఇచ్చినవారికి ఆ మాట లేదు. కార్మికుల తరఫున యూనియన్ వెళ్లవచ్చునని 2019లో సుప్రీంకోర్టు అన్నది. చెరకు రైతుల సంఘానికి ఆ హక్కు ఎందుకు ఉండరాదు? మన ఎంపీలు ఢిల్లీలో అడగవలసిన ప్రశ్న ఇది.

జిల్లాలో చేయదగినది చిన్న పని. డైరెక్టర్లకు ఇచ్చే శిక్షణలో ఎరువుల లెక్కలతో పాటు ఈ పది రోజుల సంగతి తెలుగులో చెప్పాలి. ఖరీఫ్ అరువు సరుకు దిగేలోగా చెబితే ఈ ఏడే అక్కరకు వస్తుంది.